‘డాక్టర్ ఇన్ఫార్మ్‌డ్’ అన్న రెండు మాటల మధ్య జారిపోయిన నాలుగు గంటలు

తరువాత చదివేవారికి విషయం తెలియాలి కనుక మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సు. పగలు గర్భసంచి తొలగించిన 46 ఏళ్ళ మహిళ పరిస్థితి ఆ రాత్రే మారింది. ఒంటిగంటకు మీరు డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసి, ‘సార్, పేషెంట్‌కి పల్స్ కొంచెం ఎక్కువుంది, బీపీ పర్లేదు, గాబరాగా ఉందంటోంది’ అన్నారు. నొప్పి వల్ల అయ్యుంటుంది, ట్రమడాల్ ఇచ్చి చూడండి అన్నారాయన. రెండున్నరకొకసారి, మూడుంపావుకొకసారి మళ్ళీ చేస్తే ‘చూస్తూ ఉండండి’ అన్నారు. ఐదింటికి బీపీ 80కి పడిపోయాక అందరూ పరుగెత్తుకొచ్చారు. కడుపులో రక్తస్రావమని తేలింది, ఆమెను మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళారు, అదృష్టవశాత్తూ ప్రాణం దక్కింది. మర్నాటి సమావేశంలో మాత్రం ‘ముందే గట్టిగా ఎందుకు చెప్పలేదు’ అని మిమ్మల్నే నిలదీశారు. కేస్ షీట్‌లో మూడుచోట్ల ‘డాక్టర్ ఇన్ఫార్మ్‌డ్’ అని మీరు రాసి ఉన్నారు. తప్పు నాదేనా, ఇకముందు ఏం చేయాలి, డ్యూటీ డాక్టర్ రాకపోతే పై డాక్టర్‌కు నేనే ఫోన్ చేయవచ్చా అని మీరు అడిగారు.

నేను మత్తు వైద్యుణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా థియేటర్లోనూ, ఐసీయూలోనూ పనిచేస్తున్నాను. వార్డులో చేయి దాటిపోయిన రోగులు చివరికి చేరేది మా దగ్గరికే కనుక, ఇలాంటి కేస్ షీట్లను వెనక్కి తిప్పి చదవడం మా పనిలో భాగం. మీ పేరు తెలియదు కాబట్టి వార్డులో పిలిచినట్టే సిస్టర్ అంటాను, ఏమీ అనుకోవద్దు.

తప్పు మీ ఒక్కరిదే కాదు సిస్టర్. అయితే మీరు ఆశిస్తున్నట్టు డాక్టర్ ఒక్కరిదీ కాదు. మీరు చెప్పాననుకున్నారు, ఆయన విన్నాననుకున్నారు. మీరు చూసిన మనిషి, ఆయన ఊహించుకున్న మనిషి ఒకరు కారు. ఆ నాలుగు గంటలూ ఈ తేడాలోనే పోయాయి.

గుండె ఆగిపోవడం వార్డులో ఉన్నట్టుండి జరిగేది చాలా తక్కువ. 1990లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆసుపత్రిలో గుండె ఆగిన 64 మంది రికార్డులను పరిశీలిస్తే 84 శాతం మందిలో అంతకుముందు 8 గంటల లోపే పరిస్థితి దిగజారుతున్న గుర్తులో, కొత్త బాధలో అప్పటికే నమోదై ఉన్నాయి. ఎవరో ఒకరు చూశారు, రాశారు, ఆ తరువాత కదలిక లేదు. మీ కేసులోనూ అంతే, సమాచారమంతా ఒంటిగంటకే మీ చేతిలో ఉంది. మీరు పంపిన చార్ట్ ప్రకారం అప్పుడు పల్స్ 118, పై బీపీ 108, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95, జ్వరం లేదు, శ్వాస నిమిషానికి 20.

ముందు బీపీ సంగతి. 108 చాలామందికి మామూలు అంకే కావచ్చు, ఈమెకు కాదు. ఆపరేషన్‌కు ముందు ఆమె బీపీ 140 దగ్గర ఉండేదని మీరే రాశారు. 140 ఉండే మనిషికి 108 అంటే మెట్లు దిగుతున్నట్టే లెక్క. పైగా రక్తం పోతున్నప్పుడు శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను వేగంగా కొట్టించి, బీపీని చాలాసేపు నిలబెట్టుకొస్తుంది. పెద్దవారిలో మొత్తం రక్తంలో 15 నుంచి 30 శాతం పోయేదాకా, అంటే దాదాపు ఒకటిన్నర లీటర్ల దాకా, పై బీపీ పెద్దగా తగ్గకుండానే ఉండవచ్చు. ఆలోపు పల్స్ పెరుగుతుంది, శ్వాస పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కుదురుగా పడుకోలేరు. బీపీ పడిపోవడం ఈ వరుసలో దాదాపు ఆఖరిది. మన వార్డుల్లో ఫోన్ మీద మొదట చెప్పేదీ, మొదట అడిగేదీ మాత్రం అదే. పల్స్ అంకె పై బీపీ అంకెను దాటిందంటే, మరొకటి రుజువయ్యేదాకా అది ప్రమాదమనే అనుకోవాలి. ఆమెకు ఒంటిగంటకే దాటింది.

ఇక శ్వాస. కోపగించుకోవద్దు, కానీ ఆ 20 మీరు నిజంగా లెక్కపెట్టిందేనా? ఏ ఆసుపత్రిలోనైనా రాత్రి చార్టులు తీసి చూడండి, వార్డంతా ఒకే లయలో ఊపిరి పీలుస్తున్నట్టు అందరికీ 20 గానీ 22 గానీ ఉంటుంది. సాచురేషన్‌కు, పల్స్‌కు యంత్రముంది. శ్వాసకు మాత్రం మంచం పక్కన నిలబడి, వాచీ చూస్తూ, ఛాతీ లేవడాన్ని నిండు నిమిషం లెక్కపెట్టే మనిషి కావాలి. ఇరవై ఎనిమిది మంది రోగులకు ఇద్దరు నర్సులున్న రాత్రి ఆ నిమిషం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే రెండున్నరకు మరో సిస్టర్ లెక్కపెట్టి రాసినది 24. ఒంటిగంటకూ దాదాపు అంతే ఉండి ఉంటుందని నా అనుమానం.

ఆ నాలుగు శ్వాసల తేడా ఎంత పని చేస్తుందో చూడండి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్ అనే ముందస్తు హెచ్చరిక స్కోరు ఒకటుంది. అక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన తెలుగు నర్సులకు అది రోజూ చేసే లెక్కే. శ్వాస, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఏడింటిని చూసి, మామూలు హద్దుకు ఎంత దూరంగా ఉన్నాయో దాన్నిబట్టి ఒక్కొక్కదానికి 3 దాకా మార్కులు వేస్తారు. మీ పేషెంట్‌కు పల్స్ 118కి 2, బీపీ 108కి 1, సాచురేషన్ 95కి 1, శ్వాస 20 అయితే 0, మొత్తం 4. నాలుగు అంటే ఆ పద్ధతిలో తక్కువ ప్రమాదం, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి చూస్తే చాలు. అదే శ్వాస 24 అని రాస్తే దానికి 2, మొత్తం 6. ఐదుకు చేరితే గంటకొకసారి చూడాలి, డాక్టర్ త్వరగా వచ్చి పరీక్షించాలి. ఏడుకు చేరితే అత్యవసర బృందమే రావాలి. ఛాతీని ఒక నిమిషం చూడనందువల్ల ఆమె డాక్టర్ త్వరగా రావలసిన గీతకు ఈవలే ఉండిపోయింది. ఈ స్కోరు గర్భిణులకూ, 16 ఏళ్ళలోపు పిల్లలకూ వర్తించదు, వారికి వేరే చార్టులున్నాయి. మీ ఆసుపత్రిలో ఇలాంటిదేదీ లేకపోతే, ఒక్క పేజీ కాగితాన్ని లామినేట్ చేయించి నర్సింగ్ స్టేషన్‌లో అంటించడానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు.

స్కోరు వల్ల నర్సుకు కలిగే అసలు లాభం మరొకటుంది. ‘పేషెంట్ బాలేదు సార్’ అంటే అది మీ అభిప్రాయం, డాక్టర్ కొట్టిపారేయవచ్చు. ‘స్కోరు ఆరు సార్’ అంటే అది ఆసుపత్రి నియమం, కొట్టిపారేస్తే ఆయనే సమాధానం చెప్పుకోవాలి. హోదాలో కిందున్న మనిషి పైనున్న మనిషిని నిద్రలేపడానికి ఒక అంకె అండగా నిలుస్తుంది.

ఇప్పుడు మీ ఫోన్ మాటలకు వద్దాం. ‘కొంచెం ఎక్కువ’, ‘పర్లేదు’, ‘గాబరా’ అన్న మూడు మాటలూ మీరు మర్యాద కోసం వాడినవే. పెద్దవారిని ఇబ్బంది పెడుతున్నామన్న సంకోచంతో మనం ‘కొంచెం’ చేరుస్తాం. అవతల నిద్రమత్తులో ఉన్నవారికి ఆ ‘కొంచెం’ ఒక్కటే వినిపిస్తుంది, 118 వినిపించదు, మీరు ఆ అంకె చెప్పనేలేదు కూడా. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో వాడుకలో ఉన్న ఒక పద్ధతిని అక్కడి ఆసుపత్రులు అందిపుచ్చుకుని ఎస్‌బార్ అన్నాయి. పరిస్థితి, నేపథ్యం, నా అంచనా, నేను కోరేది అన్న నాలుగింటిని ఆ వరుసలో చెప్పడమే ఆ పద్ధతి. నర్సింగ్ కాలేజీలో మీరు చదివే ఉంటారు, పరీక్షలో రాసే ఉంటారు. ఆ రాత్రి అది ఇలా ఉండవలసింది:

‘సార్, రెండో అంతస్తు సర్జికల్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను, ఆరో బెడ్ పేషెంట్ గురించి. పల్స్ 118, పై బీపీ 108, శ్వాస 24. మధ్యాహ్నం గర్భసంచి ఆపరేషన్ అయింది, ముందు బీపీ 140 ఉండేది. పదకొండు నుంచి ఇప్పటిదాకా రెండు గంటల్లో మూత్రం 40 మిల్లీలీటర్లే, చేతులు చల్లగా ఉన్నాయి, మనిషి అటూ ఇటూ దొర్లుతోంది. లోపల రక్తం పోతోందేమోనని నా భయం. మీరు పది నిమిషాల్లో వచ్చి చూడాలి. ఈలోగా ఆక్సిజన్ పెట్టి, రెండో లైన్ వేసి, హిమోగ్లోబిన్‌కు, క్రాస్ మ్యాచ్‌కు రక్తం తీయమంటారా?’

గట్టిగా చదివి చూడండి, ముప్పై నలభై సెకన్లు పడుతుంది. ఆమె బరువు 65 కిలోలన్నారు కదా, గంటకు కిలోకు అర మిల్లీలీటరు చొప్పున రెండు గంటల్లో కనీసం 65 మిల్లీలీటర్లు రావాలి. వచ్చింది 40. యూరిన్ బ్యాగులో ఆ అంకె మీ కళ్ళెదుటే ఉంది, ఫోన్‌లో రాలేదు.

ఈ నాలుగింటిలో మన నర్సులు దాదాపు ఎప్పుడూ వదిలేసేవి చివరి రెండు. రోగ నిర్ధారణ డాక్టర్ పని, నీ పని కాదని చదువుకునే రోజుల నుంచీ చెప్పి చెప్పి, ‘నా అంచనా’ అనే మాట దగ్గర వారి నోరు కట్టేశాం. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. ‘ఏమిటో తెలియడం లేదు సార్, కానీ తొమ్మిదింటికి ఉన్న మనిషి ఇప్పుడు లేదు’ అన్నా అది సరైన అంచనాయే. అనుభవమున్న నర్సుకు కలిగే ఆందోళన అంకెల కన్నా ముందే ప్రమాదాన్ని పసిగడుతుందని నెదర్లాండ్స్‌లో పరిశోధనలు జరిగాయి, కొన్ని దేశాల్లో ‘నర్సు ఆందోళన’ ఒక్కటే అత్యవసర బృందాన్ని పిలవడానికి చాలిన కారణం. ఇక ‘కోరేది’ అంటే రమ్మని అడగడం. మీరు మూడుసార్లు ఫోన్ చేశారు, ఒక్కసారి కూడా ‘రండి’ అనలేదు. మీరు సమాచారం ఇచ్చారు, ఆయన సలహా ఇచ్చారు. అడగని మనిషి రాలేదని మీరూ, అడిగితే వచ్చేవాణ్ణని ఆయనా ఇప్పుడు బాధపడుతున్నారు.

గాబరా అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మన రోగులు తమ బాధను పుస్తకాల భాషలో చెప్పరు. తెలంగాణ పల్లెల్లో ‘దమ్మొస్తుంది’ అంటారు, కోస్తాలో ‘ఆయాసం’ అంటారు, కొందరు ‘గుండెల్లో గుబులుగా ఉంది’ అంటారు, ఇంకొందరు ‘ఒళ్ళు తేలిపోతోంది’ అంటారు. ఇవన్నీ కేస్ షీట్‌లోకి ఎక్కేసరికి ‘యాంగ్జయిటీ’ అవుతాయి, దానికి ఒక నిద్రమందు రాస్తారు. రక్తమో ఆక్సిజనో చాలక కొట్టుకుంటున్న మెదడుకు నిద్రమందు ఇస్తే, మిగిలిన ఆ ఒక్క హెచ్చరిక కూడా నోరు మూసుకుంటుంది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్లకు ఈ మాటలు మరీ కొత్త, వారికి వీటిని విడమర్చి చెప్పడం పాత సిస్టర్ల బాధ్యత. రోగి అన్న మాటను అన్నట్టుగానే ఫోన్‌లో చెప్పండి, కేస్ షీట్‌లోనూ తెలుగులోనే రాయండి, తప్పేం లేదు.

ఇప్పటిదాకా మీకు చెప్పాను, ఇక నా వర్గానికి చెప్పాలి. పీజీ చేస్తున్న రోజుల్లో ఒక రాత్రి రెండున్నరకు ఒక సిస్టర్ నన్ను లేపించింది. ముసలావిడ, ఊపిరితిత్తుల జబ్బు, ‘ఎందుకో తేడాగా ఉంది సార్’ అంది. వెళ్ళి చూస్తే నాకేమీ కనిపించలేదు. ‘ఇంతమాత్రానికి లేపుతారా? రేపు ఉదయం నాకు థియేటరుంది’ అని వార్డులో అందరి ముందూ విసుక్కున్నాను. ముసలావిడకు నిజంగానే ఏమీ కాలేదు. మూడు వారాల తరువాత అదే సిస్టర్ డ్యూటీలో మరో రోగికి సాచురేషన్ తగ్గుతూ వచ్చింది. ఆమె నన్ను పిలిచింది నాలుగూ నలభైకి. చార్ట్‌లో రాత్రి రెండింటి నుంచీ అంకెలు దిగుతూనే ఉన్నాయి. ఎందుకు పిలవలేదని అడిగితే, ‘ఇంకొంచెం చూసి పిలుద్దామనుకున్నాను సార్’ అంది. ఆమె చెప్పని మిగతా వాక్యం నాకు అర్థమైంది. ఆ రోగి బతకలేదు. ముందే పిలిస్తే బతికేవాడా అంటే చెప్పలేను, కానీ ఆ రెండున్నర గంటల ఆలస్యానికి మొదలు మూడు వారాల క్రితం నా నోట్లోంచి వచ్చిన మాటే.

అందుకే ఇప్పుడు మా పిల్లలకు, అంటే పీజీలకు, హౌస్ సర్జన్లకు, చెప్పేది ఇదే: అనవసరమనిపించిన పిలుపుకు వెళ్ళి వచ్చేటప్పుడు ‘పిలిచి మంచి పని చేశారు’ అనండి, తరువాతి అవసరమైన పిలుపు దానివల్లే వస్తుంది. ఫోన్‌లో మందు చెప్పి పెట్టేయవలసి వస్తే, ఏ అంకె దాటితే మళ్ళీ పిలవాలో, మీరు ఎన్నింటికి వచ్చి చూస్తారో రెండూ చెప్పండి. ‘చూస్తూ ఉండండి’ అనేది ఆదేశం కాదు. ఏం చూడాలి, ఎంతసేపు, ఎంతయితే ఆపాలి అన్నది అందులో లేదు. ఒకే రోగి గురించి రెండోసారి ఫోన్ వస్తే అంకెలతో పని లేకుండా లేచి వెళ్ళాలన్నది నేను నాకు పెట్టుకున్న నియమం.

ఆ డ్యూటీ డాక్టర్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చిన్న ఆసుపత్రుల్లో రాత్రి ఒక్క డాక్టరే క్యాజువాలిటీనీ, మూడు వార్డులనూ చూస్తుంటారు. పైవారిని లేపితే ఏమంటారోనన్న భయం మీకెంత ఉందో వారికీ అంతే ఉంటుంది. మీ సర్జన్ ఆయనను ఎన్నిసార్లు విసుక్కున్నారో మనకు తెలియదు.

పై డాక్టర్‌కు మీరే ఫోన్ చేయవచ్చా అన్న మూడో ప్రశ్నకు నా జవాబు: చేయవచ్చు, చేయాలి కూడా. అయితే చాటుగా కాదు. ‘సార్, పది నిమిషాల్లో మీరు రాలేకపోతే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పి పై డాక్టర్‌కు ఫోన్ చేస్తాను’ అని డ్యూటీ డాక్టర్‌కే ముందు చెప్పండి. చాలాసార్లు ఆ ఒక్క వాక్యానికే వారు బయలుదేరతారు. ఎవరి తరువాత ఎవరికి, ఎన్ని నిమిషాలకు అన్నది ఆసుపత్రి కాగితం మీద పెట్టి, వైద్య సూపరింటెండెంట్ సంతకంతో గోడకు అంటించాలి. కాగితం లేకపోతే రాత్రి మూడింటికి అది మీ వ్యక్తిగత ధైర్యం అవుతుంది, ఒక ఉద్యోగి నుంచి ఆసుపత్రి అలాంటి ధైర్యాన్ని ఆశించకూడదు. వాట్సాప్ గ్రూపులో మానిటర్ ఫోటో పెట్టడాన్ని మాత్రం పిలవడంగా లెక్కించకండి. నీలం టిక్కులు పడ్డాయంటే చూశారని అర్థం, వస్తున్నారని కాదు.

కాగితంతోనే అంతా అయిపోదు. 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో, గుండె ఆగకముందే వార్డుకు వచ్చే అత్యవసర వైద్య బృందాన్ని తొలిసారి ఏర్పాటు చేశారు. ఆ ఆలోచన బాగుందని ఆస్ట్రేలియాలోని 23 ఆసుపత్రుల్లో పెద్ద పరీక్ష చేసి 2005లో ఫలితాలు ప్రకటిస్తే, బృందాలు పెట్టిన ఆసుపత్రులకూ పెట్టనివాటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణాలు పలువురు పలురకాలుగా చెప్పారు, నాకు ముఖ్యమనిపించేది ఒకటి: పిలవవలసిన హద్దు దాటిన రోగుల్లో చాలామంది విషయంలో అసలు ఎవరూ ఆ బృందాన్ని పిలవలేదు.

డాక్టర్ వచ్చాక జరిగేదాని గురించి రెండే మాటలు. ఒకటి, ఆయన రాగానే మీరు ట్రేతో మరో మంచం దగ్గరికి వెళ్ళిపోకండి, సాయంత్రం నుంచి ఆమెను చూసిన మనిషి మీరొక్కరే. రెండు, హడావుడిలో పేర్లతో పిలుచుకోండి. ‘సిస్టర్, ఫ్లూయిడ్ పెట్టండి’ అంటే వార్డులో ముగ్గురు సిస్టర్లుంటారు, ముగ్గురూ మరొకరు పెడతారనుకుంటారు. పేరు పెట్టి చెప్పిన పనిని విన్నవారు తిరిగి పలికి, పూర్తికాగానే సమయంతో సహా పైకి చెప్పాలి.

ఆ రాత్రి రోగి చెల్లెలు రెండుసార్లు నర్సింగ్ స్టేషన్‌కు వచ్చి ‘అక్క మొహం తెల్లబడుతోందమ్మా’ అందని మీరు చివర్లో ఒక వాక్యం రాశారు. మనం అటెండెంట్ల మాటను గొడవగా లెక్కేస్తాం. ఇంగ్లండ్‌లో 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ళ బాలిక, కుటుంబం పదేపదే ఆందోళన చెప్పినా సకాలంలో ఐసీయూకు చేరక సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా విషమించడంతో) మరణించాక, కుటుంబ సభ్యులు నేరుగా మరో వైద్య బృందాన్ని పిలిపించుకునే ఏర్పాటు 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ఆమె పేరుతోనే మొదలైంది. మన దగ్గర అంత దూరం రాకపోయినా, చెల్లెలి మాటను ఫోన్‌లో డాక్టర్‌కు చెప్పడానికి ఏ చట్టమూ అవసరం లేదు.

ఆఖరుగా కేస్ షీట్. ‘ఇన్ఫార్మ్‌డ్’ అన్న మాట ఎవరినీ కాపాడదు, మిమ్మల్ని కూడా. ‘1.05, పల్స్ 118, బీపీ 108, శ్వాస 24, మూత్రం 2 గంటల్లో 40. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పి రమ్మని కోరడమైనది. 15 నిమిషాల్లో వస్తామన్నారు’ అన్నట్టుగా ఇకమీదట రాయండి, 1.20కి రాకపోతే అది కూడా రాయండి. ఆ రాత్రి రాసిన దాన్ని ఇప్పుడు మార్చవద్దు, దిద్దవద్దు, వెనక తేదీ వేసి ఏమీ చేర్చవద్దు. మీకు గుర్తున్న సమయాలన్నీ ఈరోజే వేరే కాగితం మీద రాసి, సంఘటన నివేదికగా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇచ్చి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. వచ్చే సమావేశానికి ఆ చార్టునూ, న్యూస్ స్కోరు పేజీనీ పక్కపక్కన పెట్టుకుని వెళ్ళండి, చార్టును ముట్టుకోకుండా, వేరే కాగితం మీద ఒంటిగంట అంకెల్లో శ్వాస 20 బదులు 24 వేసి అందరిచేతా కూడించండి. వీలైతే ఆ డ్యూటీ డాక్టర్‌ను మీ పక్క కుర్చీలోనే కూర్చోమనండి.